సాక్షిలేని తప్పు

తప్పు చేసినవాడు తానే దానిని గుర్తించి, తానే తీర్పు చెప్పుకొని, పరులు చెప్పకమునుపే తానే శిక్ష ననుభవింపవలెనని శాసించు చట్ట మెక్కడనైన నున్నదా యని యడిగినచో మాబోటి బడిపంతుళ్లు ధర్మశాస్త్రములను తిరుగవేయుదురు. మేమును చాలకాల మట్లే తిరుగవేసితిమి. అట్టి చట్టము తెరచాప పడవల పందెములలో నున్నదని మాకు నలువదియేండ్లు దాటిన పిదప తెలిసినది. తెలిసిన తీరు మాత్రము మాకు గౌరవము తెచ్చునది కాదు.

మా అనకాపల్లి బెల్లపుటూరు. శారదానది ప్రక్క చెఱకుతోటలు, బజారున బెల్లపుదిమ్మలు, ఇవి మా లోకము. దక్షిణమున పూడిమడక యొద్ద సముద్ర మున్నను, చదువుకొన్న కుటుంబములకు అది పర్వదినములలో స్నానము చేయుటకే. ఇందుకు సోమరితన మొక్కటియే కారణము కాదు. బౌధాయనుడు సముద్రయానమును పాతిత్యహేతువులలో లెక్కించెను. అయినను ఈ యాంధ్రదేశమునేలిన యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు స్తంభముల యోడను నాణెములపై ముద్రింపించెను. కాళిదాసుని శాకుంతలమున ధనమిత్రుడను వర్తకుడు ఓడ మునిగి మరణించెనని వినిన దుష్యంతునకు వాని వారసుని చింత కలిగినదే గాని, వాడు సముద్ర మెక్కెనన్న రోత కలుగలేదు. శాస్త్రమున నిషేధము, బ్రతుకున ఓడ, రెండును నుండెను. తుదకు పుస్తకము చదివినవారము ఒడ్డున నిలిచితిమి. తెప్ప కట్టుకొని లోనికిబోయినవారిని తక్కువవారంటిమి.

నేడు వినోదమునకై తెరచాప నెత్తువారు మన తెలుగునాట లేకపోలేదు. హైదరాబాదున 2009లో నెలకొల్పబడిన యాట్ క్లబ్బు హుస్సేనుసాగరముపై పేదవాడల పిల్లలకు సైత మీ విద్య నేర్పుచున్నది. విశాఖపట్టణమున నౌకాదళమువా రుండుటచే అచ్చట తెరచాప సంగతి తెలిసినవారు కొందఱు గలరు. అట్లు నౌకాదళమున పనిచేసి విరమించిన మిత్రు డొకడు నలుగురు పట్టు చిన్నపడవ సంపాదించి, సెలవుదినములలో భీమునిపట్టణపు తీరమున తిప్పుచుండెను. అతడు మమ్మును పిలిచెను. మాతో మా పూర్వశిష్యు డొకడు, పూడిమడక మత్స్యకారుల బిడ్డ, పదునెనిమిదేండ్లవాడు, వచ్చెను. మిత్రుడు చుక్కాని పట్టెను. ఆ పడుచువాడు పెద్దచాప త్రాడు చూచెను. ముందరి చిన్నచాప త్రాడు మా చేతికి వచ్చెను. సంస్కృతవ్యాకరణము చదివిన చేతికి ఆ త్రాడు వేసిన బొబ్బలు వారమునకు గాని మానలేదు.

ఒక యాదివారము మఱియొక పడవవారితో పందెము కుదిరెను. నీటిపై లంగరువేసిన రెండు పీపాలు గుర్తులు. వానిని చుట్టి రావలెను. తెరచాప పడవ గాలికి సూటిగా నెదురు పోజాలదు. వాలుగా ఒకప్రక్కకు, మరల రెండవప్రక్కకు మలుపులు తిరుగుచు పైకి ప్రాకవలెను. అందుచే గుర్తును ఎంత దగ్గఱగా చుట్టివచ్చిన అంత లాభము. మేము మిక్కిలి దగ్గఱగా చుట్టితిమి. చుట్టుచుండగా పడవ ప్రక్క పీపాకు తగిలెను. పెద్ద తాకిడి కాదు. తలుపుపై వ్రేలితో తట్టినంత శబ్దము. గుర్తును తాకిన పడవ వెంటనే ప్రక్కకు తొలగి ఒకసారి గుండ్రముగ తిరిగి, పిమ్మట పందెము సాగింపవలెనని మిత్రుడు ముందే చెప్పియుండెను. ఎదుటివారి చూపునకు మా తెరచాప యడ్డము. మేము చూచితిమి. నోరు తెఱవలేదు. పడవ పొడుగు మేర తేడాతో గెలిచితిమి. బహుమానము ఒక ఇత్తడిచెంబు.

ఆ సాయంత్రము ఇసుకపై కూర్చుండి టీ త్రాగుచుండగా మనసు నిలువక మిత్రునితో సంగతి చెప్పితిమి. అతడు కొంతసే పూరకుండి, "నాకూ తగిలినట్టే అనిపించిందండీ. మీరు అటే కూర్చున్నారు గదా, తగిలితే చెప్తారులే అనుకున్నాను" అనెను. అప్పుడా పడుచువాడు తల వంచుకొనియే, "మాస్టారండీ, నానూ సూసినాను. తవరే ఊరుకుంటే నానేటి సెప్తానండి?" అనెను.

ముగ్గురికిని తెలిసినది. ముగ్గురును మిగిలిన యిద్దఱి కప్పగించి యూరకుండిరి. నాటినుండి మమ్ము బాధించు ప్రశ్న యిది: ఆ తప్పులో ఎవరి భాగ మెంత? పందెపు నియమములలో తప్పు చేయునది మనుష్యుడు కాదు, నావ. గుర్తును తాకునది నావ, గిఱ్ఱున తిరుగునది నావ, ఓడునది నావ. అట్లయిన ముగ్గురిలో నొకని కెఱుక యున్నను నావ కెఱుక యున్నట్లే గదా! మన మీమాంసకులు దీనివంటి చర్చ యొకటి చేసియున్నారు. సత్రయాగమున పదునేడుగురు మొదలు అనేకులు యజమానులుగ నుందురు. ఫలము వారిలో ముక్కలై పంచబడునా, ప్రతివానికి సంపూర్ణముగ కలుగునా యని సందేహించి, సంపూర్ణముగనే కలుగునని వారు తేల్చిరి. పుణ్యమునకు చెప్పిన ఈ న్యాయము పాపమునకు ఏల చెల్లదు? మూడవవంతు తప్పు మాదని మేము మొదట లెక్క వేసికొంటిమి. ఆ లెక్క నిలువలేదు. నిజమునకు మావంతు మఱికొంత హెచ్చు. ఆ బాలుడు మా నోటివైపు చూచి తన నోరు మూసికొనెను. పదియేండ్ల పాఠములలో వానికి మేము నేర్పినదానికన్న ఆ క్షణమున నేర్పినది హెచ్చేమో!

పిమ్మట ఆ పందెపు నియమములను తెప్పించుకొని చదివితిమి. ఈ యాటలో ఫుట్బాలునందువలె వెంట పరుగెత్తు తీర్పరి సాధారణముగ నుండడు. నియమము తప్పిన నావ తక్షణమే దండన తానై స్వీకరింపవలెనన్నది మూలసూత్రము. గుర్తును తాకిన ఒక చుట్టు. మఱియొక పడవ దారికి అడ్డుపడిన రెండు చుట్లు. ఆ తప్పువలన విశేషలాభము గాని, ఎదుటివారికి గొప్ప నష్టము గాని కలిగినచో పందెమే విడిచిపోవలెను. ఇదంతయు సాధువుల లోకమని పాఠకులు భ్రమపడరాదు. తప్పు చూచిన యెదుటివాడు కేకవేసి అభ్యంతరము చెప్పవచ్చును. ఒడ్డున విచారణసభ యుండును. అచ్చట తప్పు రుజువైన నావ పందెములోని ఫలితమునే పోగొట్టుకొనును. అనగా ఒప్పుకొన్నవానికి అరనిమిషము నష్టము, దాచి దొరికినవానికి సర్వనష్టము. ఒప్పుకొనుటకు మనుష్యుని ప్రాణము ఒప్పునంత చులకనగా శిక్షను కొలిచిరి. ఈ కొలత చేసినవాడు మనుష్యస్వభావము నెఱిగినవాడని మా యభిప్రాయము.

కొలత తప్పిన నేమగునో 1968వ సంవత్సరపు ప్రపంచప్రదక్షిణ పందెము చూపును. ఎచ్చటను ఆగక ఒంటరిగ భూగోళమును చుట్టిరావలెనన్న ఆ పందెమున డొనాల్డ్ క్రౌహర్స్ట్ అను నింగ్లీషువాడు ఇల్లు, వ్యాపారము పణముగ నొడ్డి బయలుదేరెను. నావ ఆ ప్రయాణమునకు తగినది కాదని త్వరలోనే తెలిసికొనెను. తిరిగివచ్చిన దివాలా; ముందునకు పోయిన మరణము. అట్లాంటిక్ సముద్రముననే తిరుగుచు, తాను చాలదూరము పోయినట్లు తప్పుడు స్థానములను తంతిలేని వార్తలద్వారా లోకమునకు పంపెను. 1969 జూలై 10వ తేదీన నావ దొరికెను, మనుష్యుడు లేడు. ఆశ్చర్యమేమనగా ఆ నావలో నిజమును తెలుపు పుస్తకములు నిక్షేపముగ నుండెను. లోకమును మోసగింప సమకట్టినవాడు ఆ పుస్తకములను నీటిపాలు చేయలేదు. ఆ పందెమును ముగించిన వాడొక్కడే, రాబిన్ నాక్స్ జాన్‌స్టన్. అతని నావ సుహైలి మన బొంబాయిలో నిర్మింపబడినది. తనకు వచ్చిన అయిదువేల పౌనులను అతడు క్రౌహర్స్ట్ భార్యాబిడ్డల కిచ్చివేసెను.

ఆపదలోనున్న మనుష్యునికి గాని నావకు గాని చేతనైన సాయమెల్ల చేయవలెననుటయు ఆ నియమములలో మొదటిదే. 1988 సెప్టెంబరు 24వ తేదీన, సియోలు ఒలింపిక్కుల పడవపందెము పూసానులో జరుగుచుండగా, కెనడావాడగు లారెన్స్ లెమ్యూ రెండవ స్థానమున నుండి, పడవ బోర్లపడి యలలలో నున్న సింగపూరువారి నిద్దఱిని చూచి దారి మఱలించి వారిని రక్షించెను. నిర్ణేతలు అతనికి ఆ పందెమున రెండవస్థానమునే యిచ్చిరి. ఈ కథను మేము తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టుదురు. కాని లెమ్యూ చేసినది లోకము చూడగలిగిన ఘనకార్యము. పీపాను తాకి తనంతట గుండ్రముగ తిరుగు పేరులేని పడవవానికి చప్పట్లు లేవు. మా కెందుచేతనో వీడే కష్టతరమైనవాడని తోచును.

మఱి నావ చిన్నదైనకొలది పరస్పరవిశ్వాసము పెద్దది కావలసియుండును. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవా విడిచి, 2018 మే 21న తిరిగివచ్చిన తారిణి యను నౌకాదళపు తెరచాపనావలో ఆర్గురు స్త్రీలుండిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటియు మన తెలుగువారు. నావ పొడవు యేబదియైదడుగులు, ప్రయాణము 254 దినములు. రాత్రివేళ వంతులవారిగా మేలుకొనక యట్టి ప్రయాణము సాగదు. మేలుకొన్నవాడు తాను కునుకుతీసితినన్నమాట దాచినచో, నిద్రపోవువారి ప్రాణము లెవరివి?

మా మిత్రు డొకడు, గణితోపాధ్యాయుడు, ఇదంతయు తీరికగలవారి నీతి యని కొట్టివేయును. పొట్టకూటిపందెములలో నెవడైన తనంతట గిఱ్ఱున తిరుగునా యని యతని ప్రశ్న. ప్రశ్న బలమైనదే. మేము ఇరువదియేండ్లుగ పరీక్షాగదులలో కావలికాయుచున్నాము. తనంతట లేచి "చీటీ చూచితిని" అనిన బాలుడు మా కొక్కడును కనబడలేదు. చాలకాల మిది బాలుర దోషమనుకొంటిమి. ఇప్పుడు మాకు వేఱొక సందేహము కలుగుచున్నది. ఒప్పుకొన్నవానికిని దొరికినవానికిని ఒకటే శిక్ష, అదియు సంవత్సరమంతయు నాశనమగు శిక్ష, అయినప్పుడు ఒప్పుకొను మూఢు డెవడు? అబద్ధమును మనమే అంత చౌకగ నమ్ముచున్నాము.

మా తరగతి పరీక్షలవరకు మా చేతిలోని యధికారముతో ఒక మార్పు చేసి చూచితిమి. కాగితము లిచ్చివేయులోపల తానై చెప్పినవానికి ఆ ప్రశ్న మార్కులే పోవును. మఱి మాట లేదు, తండ్రికి కబురు లేదు. రెండు నెలలలో ముగ్గురు చెప్పిరి. అందొకడు మెప్పుకోసము చెప్పినట్లు మాకు తోచినది. ఆ సందేహ మిప్పటికిని తీరలేదు. గణితోపాధ్యాయుడు నవ్వుచున్నాడు. నవ్వనిండు. మూడు సున్న కాదని యాయనకే బాగుగ తెలియును.

భారతమున శకుంతల నిండుసభలో దుష్యంతునితో, మనుష్యుని నడత నెఱిగిన సాక్షులను పేరుపేరున చెప్పును. సూర్యచంద్రులతోడ వాయువును అందున్నాడు. ఆ యాదివారము ఆ సాక్షియే మా చాప నింపి మమ్ము గెలిపించెను.

మరుసటివారము చెంబు తీసికొని రెండవ పడవవారికడకు పోయి సంగతి చెప్పితిమి. వారు నవ్వి, "ఆటకే గదా పంతులుగారూ!" అనిరి. చెంబు పుచ్చుకొనలేదు. అది మా యింట తులసికోటకడ నున్నది. మాయింటివారు దానితో నీరు పోయుదురు. వలదని మేము చెప్పలేదు.

ఆ పడుచువానితో మాత్రము మాట్లాడవలసిన మాట మిగిలియున్నది. ఆ సాయంత్రము వానికి మేము బదులు చెప్పలేదు. పిమ్మట వాడు మా యుత్తరాంధ్ర పల్లెలవారనేకులవలెనే గుజరాతులోని వెరావలు రేవునకు మరబోటుపై వేటకు పోయెను. పడమటితీరమున జూనునెలలో వేట నిలిపివేయుదురు. అప్పుడు వచ్చునని పూడిమడకలో వాని తల్లి చెప్పినది.