మనుష్యులు లేనిచోట



మనుష్యునికి ఉపయోగపడని జీవికి విలువ యున్నదా? ఈ ప్రశ్నను గూర్చి మనము కొంచెము ఆలోచింతము.

ఆస్ట్రేలియా దేశమునకు తూర్పున, సముద్రమధ్యమున, బాల్స్ పిరమిడ్ అను రాతి దీవి గలదు. అది 550 మీటర్లకు పైగా నిట్టనిలువుగా లేచిన బండ. అక్కడ ఎవరును కాపురముండరు. దానికి సుమారు 23 కిలోమీటర్ల దూరమున, జనులు నివసించు లార్డ్ హౌ అను దీవి యున్నది. ఆ దీవిలో పూర్వము అరచేతి పొడవున, రెక్కలులేని నల్లని పుల్లపురుగులు విస్తారముగా నుండెడివి. 1918లో మకాంబో అను ఓడ అచ్చట నేలకు తగులుకొనగా, అందలి ఎలుకలు దరిచేరెను. కొద్ది సంవత్సరములలోనే ఆ పురుగు ఒక్కటియు కనబడకపోయెను. ఆ జాతి నశించెనని అందరును తలంచిరి.

అయితే 2001లో శాస్త్రజ్ఞులు బాల్స్ పిరమిడ్ మీద, రాతిసందున పెరిగిన పొదయొద్ద, ఆ పురుగులను 24 కనుగొనిరి! 2003లో రెండు జతలను తెచ్చిరి. మెల్బోర్న్ జంతుప్రదర్శనశాలకు చేరిన జతకు ఆదాము, హవ్వ అని పేరు పెట్టిరి. హవ్వ జబ్బుపడి చావనైయుండగా, పెంచువాడు చుక్క చుక్కగా ఆహారము త్రాగించి బ్రతికించెను. తరువాత ఆ సంతతి వేలకొలదిగా వృద్ధిపొందెను.

మనుష్యులులేని నేలకుకూడ దేవుడు వాన పంపుచున్నాడని యోబు 38వ అధ్యాయము తెలుపుచున్నది. ఆ బండమీది పొదకు నీరు పోసినవాడెవడు? మనము చూడనంత మాత్రమున ఆయన మరచిపోలేదు.

2019లో లార్డ్ హౌ దీవిలో ఎలుకలను నిర్మూలించుటకు విషపుమేత వేసిరి. ఎలుకయు దేవుని సృష్టియే గదా, దీనిని చంపుట న్యాయమా అని మీరడుగవచ్చును. ఇది తేలిక ప్రశ్న కాదు. ఎలుకది తప్పు కాదు. దానిని తెచ్చినది మనుష్యుని ఓడయే. తెలియక చేసిన నష్టమునైనను సరిదిద్దు బాధ్యత మనుష్యునిదే. ఎలుకలు లోకమంతటను గలవు. ఆ పురుగు సహజముగా ఈ దీవులలో తప్ప వేరెక్కడను లేదు. గాదెలోని ధాన్యమును కాపాడుకొనుట వేరు, ఒక జాతిని భూమిమీద లేకుండ చేయుట వేరు. పోయిన పంట మరుసటి యేట రావచ్చును. పోయిన జాతిని మనము సృజింపలేము.

కాబట్టి మేము చెప్పునది ఇంతే: మన పొలముగట్టున పనికిరానిదని తోచు పొదను నరుకకముందు, అందులో ఏ ప్రాణి కాపురమున్నదో ఒకసారి వంగి చూతము.