సుంకపు గడప యొద్ద సత్యము

దేవునికొఱకని పెట్టెలో దాచి కొనిపోయిన మామిడాకు దోషమగునా? న్యూజీలాండునకు ప్రయాణమగు మన కుటుంబములలో ఈ ప్రశ్న పుట్టుట సహజము. ఆక్లండు విమానాశ్రయమున దిగు ప్రతి ప్రయాణికుడును తన వెంట తెచ్చిన ఆహారపదార్థములను, విత్తనములను, ఆకులను, పూవులను, తేనెను, తుదకు మన్నంటిన పాదరక్షలను సైతము ప్రకటనపత్రమున తెలుపవలెనని అచటి శాసనము. తెలుపక పట్టుబడినవారికి అక్కడికక్కడనే 400 డాలర్ల జరిమానా. గృహప్రవేశమునకు తోరణమనియు, వ్రతమునకు తమలపాకులనియు, పెరట నాటుటకు తులసి విత్తులనియు మూటగట్టుకొన్న ఇల్లాలికి, ఇది వ్యాపారము కాదే, దైవకార్యమే, దీనిని పరదేశపు టధికారికి చెప్పుకొనుట యేల యని తోచవచ్చును. ఆ తలంపును తేలికగా త్రోసివేయరాదు. దానికి మన శాస్త్రములోనే యొక యాధారము కలదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని విధులను చెప్పుచు, వివాహమునకు, యజ్ఞమునకు, ప్రసవమునకు, దేవపూజకు, చౌలోపనయనములకు, వ్రతదీక్షలకు కొనిపోవు ద్రవ్యములపై సుంకము గొనరాదని విధించెను. సుంకము రాజు భాగము గనుక దానిని తగ్గించుటకును విడుచుటకును రాజునకు స్వాతంత్ర్యము కలదు. పూర్వరాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొమ్మునెల్ల హరించుచుండగా, కాకతీయ గణపతిదేవుడు 1244-45 నాటి మోటుపల్లి అభయశాసనమున, నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గొననని సముద్రవర్తకులకు మాట యిచ్చినది ఆ స్వాతంత్ర్యమువలననే. నేడు న్యూజీలాండు ప్రభుత్వము ప్రయాణికునకు 700 డాలర్ల విలువగల వస్తువులను, వయసు వచ్చినవానికి 50 సిగరెట్లను, 4.5 లీటర్ల వైనునో బీరునో సుంకము లేక కొనిరానిచ్చుటయు ఇట్టి యనుగ్రహమే.

ఐతే కౌటిల్యుడు అదే ప్రకరణమున మఱి రెండు మాటలు చెప్పెను. పుణ్యకార్యముల పేర అబద్ధమాడి సరకు దాటించువానికి దొంగకు విధించు దండమునే విధింపవలెననుట యొకటి. రాష్ట్రమునకు పీడ గలిగించు సరకును నశింపజేయవలెననుట రెండవది. దేవుని పేరు విన్నంతనే సుంకమును విడిచిన శాస్త్రకారుడు అసత్యమును విడిచిపెట్టలేదు, పరపీడను విడిచిపెట్టలేదు. ధనమును గూర్చియు పరపీడను గూర్చియు ఒకే గడప యొద్ద నిలిచి అడుగు రెండు విధములైన ప్రశ్నలను మనము ఒకటిగా కలిపి చూచుటయే మన పొరపాటునకు మూలమని నా నమ్మకము. ధనమునకు సంబంధించినది క్షమింపదగినది. ప్రాణులకు సంబంధించినదానిని క్షమించు అధికారము ఏ రాజునకును లేదు.

న్యూజీలాండు ద్వీపముల చరిత్ర యెఱిగినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోపదు. మనుష్యుడు కాలుమోపక పూర్వము అచట గబ్బిలములు తప్ప నేలపై బ్రదుకు స్తన్యజంతువే లేదు. పక్షులు శత్రుభయ మెఱుగక, కొన్ని ఎగురుటయే మఱచి, నేలమీదనే గూళ్లు గట్టుకొని పెరిగినవి. 1837లో బొచ్చుకొఱకని ఆస్ట్రేలియానుండి పోసమను జంతువును తెచ్చిరి. 1880 దశకమున కుందేళ్లను అణచుటకని స్టోటులను వేటజంతువులను తెచ్చిరి. తెచ్చినవారిలో ఒక్కడును పక్షులను చంపనెంచి తెచ్చినవాడు కాడు. ఐనను అట్టి జంతువుల వాతబడి, కాకపో యను ఎగురలేని చిలుకలు 1995 నాటికి 51 మాత్రమే మిగిలినవి. 2015లో ఆక్లండు నగరమున గ్రేలిన్ అను పేటలో క్వీన్స్‌లాండు పండుఈగ కనబడినంతనే, ఆ పేటవారు తమ పెరటి పండును సైతము హద్దు దాటింపరాదని కట్టడి చేసి, నెలల తరబడి వెదకి దానిని నిర్మూలింపవలసివచ్చెను. విమానాశ్రయమున అధికారి యాత్రికుని బూటును తలక్రిందులుగా పట్టి, అడుగు గాడులలో ఎండిన మట్టిని దీపపు వెలుగున పరికించి, కడిగి మరల చేతికిచ్చుటను చూచి విసుగుకొనువారు, ఆ పిడికెడు మట్టిలో అచటి కౌరీ మహావృక్షముల వేళ్లను కుళ్లజేయు తెగులు వంటిది దాగియుండవచ్చునని తలపోయవలెను.

యోగసూత్రములకు వ్యాసభాష్యము హింసకు మూడు మూలములు చెప్పినది: లోభము, క్రోధము, మోహము. మాంసచర్మములకై చేయునది లోభమూలము. నాకు కీడు చేసెనని చేయునది క్రోధమూలము. దీనివలన నాకు ధర్మము కలుగునని చేయునది మోహమూలము. మామిడాకును దాచిన భక్తుని స్థితి ఈ మూడవదియే. లోభికి తన లోభము ఏదో యొకనాడు తెలియును, కోపి చల్లారిన పిదప పశ్చాత్తాపపడును. పుణ్యమనుకొని చేసినవానికి మాత్రము మేలుకొనుటకు అవకాశము తక్కువ. అందుచేతనే నేను దీనిని మిగిలిన రెంటికంటె భయంకరమైనదిగా ఎంచుచున్నాను. ఆ భాష్యమే, దేవబ్రాహ్మణులకొఱకు మాత్రము హింస చేసెదనను నియమము అహింసకు హద్దు గీసికొనుటయే యనియు, జాతిదేశకాలసమయముల హద్దు లేనిదే మహావ్రతమనియు చెప్పుచున్నది.

పవిత్రమైన ప్రసాదము పరాయివాని చేతితో చెత్తబుట్టలో పడునే యను బాధ నిజమైనదే. దానిని నేను చిన్నచేయను. కాని ప్రకటించిన ఆహారములలో అనేకము పరీక్షానంతరము తిరిగి చేతికే వచ్చుచున్నవి. దాచినవానికే జరిమానా కాని, చెప్పినవానికి కాదు. పైగా పత్రమును పుష్పమును ఫలమును తోయమును భక్తితో నిచ్చినచో గ్రహింతునని గీతలో పలికిన భగవానుడు ఆ పత్రము ఫలానా దేశపుదై యుండవలెనని కోరలేదు. న్యూజీలాండు నేలపై మొలచిన ఆకుతో అచటి యింట పూజ సాగును.

కనుక ఆ దేశమునకు పిల్లలను చూడబోవు తల్లిదండ్రులకు నా విన్నపము ఇంతమాత్రమే: ఆవకాయ సీసానుండి అక్షతల పొట్లమువఱకు పెట్టెలోని ప్రతి వస్తువును పత్రమున వ్రాయుడు, పచ్చి ఆకులను, నాటుటకైన విత్తులను, తేనెను ఇంటియొద్దనే విడిచిపొండు, బూట్లను బయలుదేరుటకు ముందే కడుగుకొనుడు.