అవతలి పళ్లెంలో ఎవరు?

తూనికలు కొలతల శాఖలో కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది ఖాళీ కాటాను చూడటం. ఏమీ పెట్టకుండా ముల్లు ఎక్కడ నిలబడింది, పళ్లేలు రెండూ సమంగా ఉన్నాయా, ఒకదాని అడుగున చింతపండు ముద్దో అయస్కాంతం ముక్కో అంటించి ఉందా, ఇవన్నీ చూశాకే పడికట్టు రాళ్లు బయటికి తీయాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సంతల నుంచి మిర్చి యార్డు దాకా, రేషన్ షాపుల నుంచి బంగారం కొట్ల దాకా నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది. అందుకని, అమెరికాలో ఉన్న మా అబ్బాయి పోయినసారి వచ్చినప్పుడు ఇంట్లో ఒక డిజిటల్ కాటా పెట్టి వెళితే, దాని మీదికి నేనెక్కే ముందు సీలు విప్పని బియ్యం సంచిని ఎక్కించాను. పరవాలేదు, నికార్సైన కాటాయే. మెత్తటి తివాచీ మీద పెడితే లెక్క తప్పుతుంది గానీ అది తివాచీ పరిచినవాడి తప్పు.

నన్ను 72 కిలోలంది. ఫోనులో ఎత్తు అడిగింది, 165 సెంటీమీటర్లని చెప్పాను. వెంటనే 26.4 అనీ, దాని కింద ఎర్రక్షరాల్లో ‘స్థూలకాయం’ అనీ వచ్చింది. ఈ మూడింట్లో మొదటిది కొలత, రెండోది లెక్క, మూడోది తీర్పు. మూడూ ఒకే తెర మీద ఒక్కసారే వచ్చేసరికి మూడూ కొలతలే అనిపిస్తాయి. కొట్టువాడు తూకమూ ధరా మొత్తమూ ఒకే గుక్కలో చెప్పేస్తే మా శాఖవాడికి అనుమానం రావాలి. నాకూ వచ్చింది.

వెనక రైల్వే స్టేషన్లలో రంగురంగుల బల్బులు వెలిగే బరువు మిషన్లుండేవి. నాణెం వేస్తే టప్పున అట్టముక్క పడేది. దాని మీద బరువుతో పాటు నాలుగు ముక్కల జాతకం కూడా అచ్చయి ఉండేది. బరువుని నమ్మేవాళ్లం, జాతకాన్ని పక్కవాడికి చదివి వినిపించి నవ్వుకునేవాళ్లం. ఇప్పటి తెర మీదా జాతకం ఉంది. నవ్వే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మా కాలనీ రామాలయంలో సాయంత్రాలు ఒక శాస్త్రిగారు బ్రహ్మసూత్రాలకు శాంకరభాష్యం చెబుతున్నారు. మొదట్లోనే అధ్యాస భాష్యం వస్తుంది. ఒకదాని ధర్మాన్ని ఇంకొకదాని మీద మోపడమే అధ్యాస. భార్యాబిడ్డలు బాగుంటే నేను బాగున్నాననుకోవడం దగ్గర మొదలుపెట్టి, శంకరులు దేహం దగ్గరికి వస్తారు. అక్కడ ఆయన ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ ఏమిటంటే, నేను లావు అనుకోవడం. ఆ వెంటనే, నేను సన్నం అనుకోవడం. రంగు ఆ తర్వాతే. పన్నెండు వందల ఏళ్ల కిందట, ఈ కాటాలేవీ లేని రోజుల్లో, మనిషి తనను తాను దేంతో పొరపడతాడో చెప్పడానికి ఆయనకు ముందు తట్టింది లావే!

ఆ ప్రవచనం విన్న మా వదినగారు, “చూశారా, లావు దేహానిది, నాది కాదు” అంటూ పులిహోర ప్రసాదం రెండోసారి పెట్టించుకున్నారు.

నాకంత తొందరగా తృప్తి కలగలేదు. దేహం నేను కాదనుకున్నా, దేహానికొచ్చిన షుగరుకి మాత్ర మింగాల్సింది ఈ నోటితోనే. పైగా నన్ను పట్టుకున్న సందేహం వేరు. లావు నాది కాదు, సరే. కనీసం దేహానిదేనా? ఆ 72 కిలోలు దేహానివే, అనుమానం లేదు. లావు అనాలంటే మాత్రం ఎవరికన్నా లావు అని అడగాలి. తక్కెడకు రెండు పళ్లేలుండాలి. గుళ్లో తులాభారం తూగేటప్పుడు అవతలి పళ్లెం కళ్లముందే ఉంటుంది. తిరుమలలో బెల్లమో, పటికబెల్లమో, నాణేలో పోస్తారు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారమని మొక్కుకుని బెల్లం తూచి ఇస్తారు. అక్కడ బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి చూసి ఎవరూ ముఖం చిట్లించరు, ఇంకో రెండు దిమ్మలు ఎక్కువ పెడతారంతే. ఎన్ని కిలోలని అడిగేవాడు బెల్లం అమ్మినవాడొక్కడే. బాత్రూం కాటాకేమో ఒక్క పళ్లెమే కనిపిస్తుంది. రెండోదాంట్లో ఎవరినో కూచోబెట్టి మనకు చెప్పలేదు.

ఆ కూచున్నవాడు బెల్జియం నుంచి వచ్చాడు. అడాల్ఫ్ కెట్లే 1796లో గెంట్ నగరంలో పుట్టిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఎదిగిన మనుషుల్లో బరువు, ఎత్తు వర్గాన్ని అనుసరించి ఉంటోందని కనిపెట్టింది ఆయనే. నా 26.4ని తేల్చిన, బరువుని ఎత్తు వర్గంతో భాగించే ఈ లెక్క అక్కడిదే. ఊబకాయం ఆయన చింత కాదు. ఆయనకు కావలసింది ‘సగటు మనిషి’. 1835లో వేసిన పుస్తకంలో ఆ మనిషిని నిలబెట్టాడు. ఆ ఆలోచన ఆకాశంలోంచి దిగింది. ఒక నక్షత్రం ఎక్కడుందో పదిసార్లు చూస్తే పది రకాల లెక్కలొస్తాయి. సగటు తీస్తే అసలు చోటుకి దగ్గరవుతాం, మిగిలిన తేడాలు చూపు దోషాలు. కెట్లే ఇదే పద్ధతిని మనుషులకు పట్టించాడు. స్కాట్లాండ్ సైనికుల ఛాతీ కొలతలు తీసుకుని చూస్తే అవీ అలాగే సగటు చుట్టూ గుమిగూడాయి. ఇంకేం, సగటు మనిషే ప్రకృతి వేయదలచిన బొమ్మ, మనమంతా చెయ్యి తిరగక వచ్చిన నకళ్లు!

ఇక్కడ నా ఉద్యోగం అడ్డుపడుతుంది. ఒకే పడికట్టు రాయిని ఒకే కాటా మీద మళ్లీ మళ్లీ పెట్టి సగటు తీయడం మాకు నిత్యకృత్యం. ఆ సగటుకి అర్థముంది, ఎందుకంటే రాయి ఒకటే. సంచిలో ఉన్న రాళ్లన్నీ తూచి సగటు తీస్తే, సరిగ్గా ఆ బరువున్న రాయి సంచిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. ఉన్న రాళ్లు తప్పుడు రాళ్లు అయిపోవు. నక్షత్రం ఒకటే, సైనికులు వేలమంది. ఇదే మాట శాస్త్రిగారి దగ్గర కదిపాను. “ఇన్ని దేహాల వెనక ఉన్నది ఒక్కటేనని మీ శంకరులూ అన్నారు కదండీ, ఈ బెల్జియం ఆయనకూ వారికీ తేడా ఏముంది?” అంటే ఆయన నవ్వి, “అన్నారండీ. ఆ ఒక్కదానికి కొలతలు లేవని కూడా అన్నారు” అన్నారు.

కెట్లే లెక్కను తీసుకొచ్చి 1972లో బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్. అయిదు దేశాల్లో ఏడు వేలకు పైబడిన మగవాళ్ల కొలతలతో దాన్ని పరీక్షించాడు. ఆడవాళ్లు ఆ లెక్కలో లేరు. జనసమూహాలను పోల్చడానికి ఉన్నవాటిలో ఇది పనికొస్తుందన్నాడే తప్ప, ఒక మనిషి నొసటి రాతగా రాయమనలేదు. ఊరంతటికీ వర్తించే మాటను ఊళ్లో ఒకడి మీద మోపడం, దీన్నే నేను రెండో అధ్యాస అంటాను. దేహ ధర్మాన్ని ఆత్మ మీద వేసుకోవడం మొదటిది. గుంపు ధర్మాన్ని దేహం మీద వేసుకోవడం రెండోది. మొదటిది వదలడానికి జన్మలు పడతాయని శాస్త్రిగారంటారు. రెండోది వదలడానికి కూడికలూ భాగహారాలూ వస్తే చాలు.

అవతలి పళ్లెంలో రాళ్లు మార్చిన వైనం కూడా చెప్పాలి. 1998లో అమెరికా ఆరోగ్య సంస్థ అధిక బరువు గీతను మగవాళ్లకు 27.8 నుంచి, ఆడవాళ్లకు 27.3 నుంచి 25కి దించింది. రాత్రి మామూలుగా పడుకున్న కోట్లమంది తెల్లారేసరికి అధిక బరువువాళ్లయ్యారు, ఒక్క గ్రాము పెరగకుండా. మన దేశ వైద్యులు 2009లో ఇంకా కిందికి వచ్చారు: 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. కనుక నా 26.4తో మా అబ్బాయి ఊళ్లో నేను కాస్త బరువైన పెద్దమనిషిని, శంషాబాద్‌లో విమానం దిగితే స్థూలకాయుణ్ణి.

ఇది చూసి ఇదంతా బూటకమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. గీత దించడానికి గట్టి కారణమే ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ కలిసి తీయించుకున్న ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి సూచికా, అంటే బాడీ మాస్ ఇండెక్స్, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. మా తమ్ముడు రెండో జాతి. చువ్వలా ఉంటాడు, సూచిక ఎప్పుడూ పచ్చరంగులోనే ఉండేది. నలభై దాటకముందే షుగరు, ఆ తర్వాత గుండెజబ్బు. ఇటు మా ఆవిడ సూచిక నాకంటే ఎక్కువ, రక్త పరీక్షలన్నీ చూడముచ్చటగా ఉంటాయి. ఇవి రెండు ఉదాహరణలే, ఇంటి కథలతో సిద్ధాంతం కట్టకూడదు. కానీ సిద్ధాంతం మా ఇంటికి రాలేకపోతోందని చెప్పడానికి చాలు.

ధాన్యం కొనేవాడు ఇంతకంటే తెలివైనవాడు. బస్తా కాటా మీద పెట్టేముందు బొంబు గుచ్చి గింజలు లాగి తేమ చూస్తాడు. 17 శాతం దాటితే సర్కారు కేంద్రంలో కూడా ఒప్పుకోరు, ఆరబెట్టుకు రమ్మంటారు. బరువులో ఎంత నీరు, ఎంత గింజ, ఎంత తాలు అన్నది విడదీయకుండా ధర కట్టే రైతు గానీ వ్యాపారి గానీ లేడు. మన ఒంట్లో కండ ఎంత, ఎముక ఎంత, నీరెంత, పొట్టలోపల అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వెంత, ఏదీ విడదీయని అంకెతో మనల్ని మనం తరుగు తీసుకుంటున్నాం. ఆవకాయ గట్టిగా తిన్న మర్నాడు పెరిగే కిలో ఉప్పు పట్టి ఉంచిన నీరే. దానికి ఉపవాసాలుండేవాళ్లని చూశాను.

చరకుడు ఈ విషయంలో నాకు నచ్చుతాడు. అతి లావునూ అతి సన్నాన్నీ అతి పొడుగూ అతి పొట్టిలతో కలిపి ఎనిమిది నిందితాల్లో వేశాడు, అంటే లావు ఊసే వద్దనలేదు. కానీ దేహాన్ని దేంతో కొలవమన్నాడు? ఎవరి వేలి వెడల్పుతో వారిని. ఆ లెక్కన ఎత్తు 84 అంగుళాలు, ఎవరి అంగుళాలు వారివి. అవతలి పళ్లెంలో నేనే ఉన్నాను. 2022లో ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ చెప్పిందీ దానికి దగ్గరగానే ఉంది: నడుము చుట్టుకొలత మీ ఎత్తులో సగం దాటకుండా చూసుకోండి అని. నిలువెత్తు దారం తీసుకుని మధ్యకు మడిచి నడుముకు చుట్టి చూడవచ్చు. నాకు రెండు వేళ్లు చాలలేదు. నిజానికి మా తరం మగవాళ్లకు మొలతాడు ఎప్పటినుంచో ఈ పని చేస్తోంది. పాతది ఒరుసుకుని గాటు పడితే అమ్మ వదులుగా కొత్తది కట్టేది. పొట్ట సంగతి దానికి తెలిసినట్టు ఏ ఫోనుకీ తెలియదు. ఆడవాళ్లకు మొలతాడు లేదుగా అంటే మా ఆవిడ, “జాకెట్టు లోపలి కుట్లు విప్పుకునేదాన్ని నాకు మీరు చెప్పాలా?” అంది.

అలాగని కాటాని అటకెక్కించలేదు. అంగన్‌వాడీలో పసిపిల్లను నెలనెలా తూచి కార్డు మీద గీత గీస్తారు, గీత కిందికి వంగితే ఆయమ్మ ఇంటికే వస్తుంది. క్షయరోగికి మందు మోతాదు బరువుని బట్టే ఇస్తారు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతుంటే కంగారు పడవలసిందే. ఈ తూకాల్లో రోగికి ఎదురుగా బెల్జియం సగటు మనిషి లేడు, పోయిన నెలలో తూగిన ఆ మనిషే ఉన్నాడు.

ఇప్పుడు మా కాటా తమ్ముడింట్లో ఉంది. గుండె బలహీనపడ్డవాళ్లకు ఒంట్లో నీరు చేరితే కాళ్లవాపు కంటే ముందు బరువులో తెలుస్తుంది కనుక, రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు, అవే బట్టల్లో తూచుకుని రాసుకోమని డాక్టరు చెప్పారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. రాసిన వరసంతా చూస్తే ఉద్యోగంలో నేను రాసిన తూకాల పుస్తకాల కంటే నీటుగా ఉంది. ఫోనులో రంగులు చూపించే ఆ ముక్కను తీసేయమని వాడే అడిగితే తీసేశాను. ప్రతి నెలా డాక్టరు ఆ నోటుపుస్తకం వేలుపెట్టి చదువుతారు. ఎత్తు ఎంత అని ఆయన ఇంతవరకూ అడగలేదు.