దండుదొర కాగితములు

ఫిరంగిదళమున హవల్దారుగా పనిచేసి పింఛను పుచ్చుకొనుచుండిన వృద్ధుడొకడు మా బెళుగుప్పలో కాలధర్మము నొందెను. కర్మకాండ ముగిసిన పిదప ఆతని కుమారుడు ఒక రేకుపెట్టెను మా యరుగుమీద దింపి, "అయ్యవారూ, ఇవి దాచిపెట్టేదా, తూకానికి వేసేదా? ఆ నోటుబుక్కు ఇంట్లో వద్దంటాంది మాయమ్మ" అనెను. పెట్టెలో సర్వీసు పుస్తకమును, జాబుల కట్టయు, పెన్సిలుతో వ్రాసిన నోటుబుక్కును ఉండెను. అడిగినది కాగితములను గూర్చియే యైనను, ఆతని శంక వేఱు. ఆయుధము వృత్తిగా బ్రదికిన వాని వ్రాతలను దాచినచో ఆ వృత్తిని మెచ్చినట్లు కాదా?

నాకు కర్నల్ కాలిన్ మెకంజీ జ్ఞప్తికి వచ్చెను. ఆతడు స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో చెన్నపట్టణము చేరి, కుంఫిణీవారి ఇంజనీరుల దళమున నధికారి యయ్యెను. ఆ కాలమున దండులో ఇంజనీరు వంతెనలు కట్టువాడు మాత్రమే కాదు. ముట్టడిలో ఫిరంగుల నెచ్చట నిలిపిన కోటగోడ పగులునో నిర్ణయించి, వానికి మట్టిదిబ్బలు లేపించు పనియు వానిదే. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడియందు ఆ పనిచేసినవారిలో మెకంజీ యొకడు. మే 4వ తేదీన గోడకు పడిన గండిగుండ సేన చొచ్చెను. టిప్పు ఆనాడే కూలెను. మఱుసటి యేడు, అనగా 1800లో, నిజాము మన సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. మన జిల్లాలకు దత్తమండలములన్న పేరు అందువలన వచ్చినదే.

అట్టివాడు విడిచిపోయిన కాగితములేవి? ఊరూర కరణముల దండకవిలెలను చూచి వ్రాసిన కైఫీయతులు, చెఱువుల చరిత్రలు, పాళెగాండ్ర వంశావళులు, గుడిగోడలపై శాసనముల నకళ్లు. 1828లో విల్సను అచ్చువేయించిన పట్టికలో వ్రాతప్రతులు 1,568, శాసనములు 8,076, నాణెములు 6,218. ఇంత కూర్చినవానికి మన భాషలు రావు! ఆ మాట 1817లో అలెగ్జాండరు జాన్‌స్టనుకు వ్రాసిన లేఖలో ఆతడే యొప్పుకొనెను. తనకు త్రోవ చూపినవాడు కావలి వెంకట బొఱ్ఱయ్య యనియు చెప్పెను. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే గతించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము నెత్తుకొనెను.

ఈ సేకరణ ఆ ఫిరంగుల పాపమును కడిగినదని కొంద ఱందురు. నాకు సమ్మతము కాదు. గోడ పగులగొట్టిన లెక్క వేఱు, కవిలె నిలిపిన లెక్క వేఱు. ఒక ఖాతాలోని జమ మఱియొక ఖాతాలోని బాకీని కొట్టివేయదు. సర్వే పటములు శిస్తు వసూలునకును దండు నడకకును పనికివచ్చినవే. అందుచేత ఆ కాగితములన్నియు పగవాని సొత్తని విదలించువారును కలరు. వారి కోపము నే నెఱుగుదును. కాని ఆ పుటలలో పలుకుచున్నదెవరు? ఏ యేట చెఱువు తెగినదో, ఏ కఱవున ఊరు పాడుపడినదో చెప్పినవాడు మన కరణమే కదా!

1821లో మెకంజీ మరణింపగా, ఆతని భార్యకు 10,000 పౌనులిచ్చి కుంఫిణీవారు ఆ భాండారమును కొనిరి. లక్ష్మయ్య ఆ పని తాను సాగింతునని యాసియాటిక్ సొసైటీకి విన్నవించుకొనెను. అట్టి పరిశోధనము స్వదేశీయునివలన కాదని జేమ్స్ ప్రిన్సెప్ త్రోసిపుచ్చెను. బ్రాహ్మీలిపిని చదివిన మహాపండితుడాతడు! ఫిరంగి పట్టనివాడు చేసిన యీ గాయము నన్ను ఎక్కువగా బాధించును. అయితే పరులను నిందించుటకు మనకును మోము చెల్లదు. కరణముల యిండ్ల అటకలపై కవిలెకట్టలు చెదలపాలగుట నేను బాల్యమున కన్నులార చూచితిని. వానిని తగులబెట్టిన దొర యెవడును లేడు.

దాచుట మెచ్చుట కాదు. తప్పొప్పులు తేల్చవలెనన్నను సాక్ష్యము మిగులవలెను గదా.

ఆ సాయంకాల మిద్దఱము పెట్టె విప్పి చదివితిమి. నోటుబుక్కులో తేదీలవారీగా పేల్చిన గుండ్ల లెక్క కలదు. అవి యెచ్చట పడినవో ఎచ్చటను లేదు. జాబులు ఆతడు సరిహద్దునుండి భార్యకు వ్రాసినవి. ఇంచుమించు ప్రతి జాబులోను మొదటి ప్రశ్న వాన పడినదా యనియే. కొడుకు ఆ కట్టను చాలసేపు త్రిప్పిచూచి, "ఇన్నేండ్లు ఇవి దాచింది మాయమ్మే" అనెను. కట్టను చంక బెట్టుకొని లేచెను. "నోటుబుక్కు మీకాడే ఉండనీ, అయ్యవారూ. మాయమ్మ నడిగి చెప్తా."

అది యిప్పటికిని నా యొద్దనే యున్నది.