కొండ మీద కాలు

విజయనగరం దగ్గరి రామతీర్థంలో బోడికొండ ఎక్కడానికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. వంగి మెట్టును తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని, అప్పుడు కాలు పెడతారు. పైన కోదండరాముడున్నాడు, సరే. కింద రాయికి దండమెందుకు?

తిరుమల కొండంతా దైవస్వరూపమేనని నమ్మిన రామానుజులు దాని మీద పాదం మోపలేక మోకాళ్ళతో ఎక్కారని సంప్రదాయం చెబుతుంది. ఆ చోటు నేటికీ మోకాళ్ళ పర్వతమే. అయినా ఆయన ఎక్కడం మానలేదు. చిక్కంతా అక్కడే ఉంది: దేవుణ్ణి చేరాలంటే దేవుణ్ణే తొక్కాలి.

పర్వతారోహకులకూ ఇదే చిక్కు ఎదురైంది. కాంచనజంగ సిక్కిం ప్రజలకు దైవం. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ దాన్ని తొలిసారి ఎక్కి, సిక్కిం రాజుకిచ్చిన మాట ప్రకారం కొసకు కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు. తర్వాత వెళ్ళినవాళ్ళలో ఎందరో ఆ మాట నిలబెట్టారు.

మరి నాలుగు గోడల మధ్య కట్టిన కొండ సంగతి? 1964లో డాన్ రాబిన్సన్ లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఒక నడవా గోడకు ఎక్కడానికి వీలుగా రాళ్ళు బిగించాడు. అలాంటి గోడల మీది ఆట టోక్యోలో ఒలింపిక్స్‌కెక్కింది. ప్లైవుడ్ పలకలకు రంగురంగుల పట్లు బోల్టులతో బిగిస్తారు, కొన్నాళ్ళకు విప్పేసి కొత్త దారి పెడతారు. ఏ పట్టును తొక్కినా అపచారం లేదు.

అలాగని అక్కడ భక్తి లేదనుకోకూడదు. నేల వదిలేముందు, ఎక్కేవాడి నడుం దగ్గరి ఎనిమిదంకె ముడిని కింద తాడు పట్టేవాడు పాయపాయా తడిమి చూస్తాడు. పడితే తాడును ఆపే అతని బిలే పరికరంలో తాడు సరిగ్గా పడిందో లేదో ఎక్కేవాడు చూస్తాడు. మొదటిరోజు వచ్చిన పిల్లకైనా, ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్నవాడికైనా ఈ తనిఖీ తప్పదు. బోడికొండ మొదటి మెట్టు దగ్గరి ఆ క్షణానికి ఇది దగ్గరి చుట్టం. ఎక్కడంలో పాపం లేదు. ఆగి చూసుకోకుండా, అడక్కుండా కాలు మోపితేనే తప్పు.

బోడికొండ పక్కనే బౌద్ధ శిథిలాలున్న గురుభక్తులకొండ ఉంది. ఎక్కేందుకు బోల్టులు బిగించాలని అలాంటి రాతికి డ్రిల్లుతో పెట్టిన కన్నం మళ్ళీ పూడదు. అందుకని క్రీడాధికారులకు ఒక విన్నపం. విజయనగరం, శ్రీకాకుళం స్టేడియాల్లో ఒక్కో గోడ కట్టండి. పిల్లలు తాడూ ముడీ అక్కడ నేర్చుకుంటారు. బోడికొండకు మెట్లదారినే వస్తారు.