కోపం ఎవరి మీద, దెబ్బ ఎవరికి?



ఉపాసకులను, ఉపాసికలను ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఒకే తల్లి పాలు తాగి, ఒకే గోనెపట్టా మీద ముడుచుకుని పడుకునే రెండు పిల్లులు ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఒకదాన్నొకటి రక్కుకుని రక్తం కారేలా కొట్టుకున్నాయనుకోండి. తప్పు ఎవరిది?

పిల్లుల గొడవకి ధమ్మం ఎందుకండీ అని నవ్వకండి. అనంతగిరి కొండల్లో చోళ్లు, ధాన్యం దాచుకునే ఇంటికి పిల్లి అంటే ముద్దు కోసం మాత్రమే కాదు, ఎలుకల మీద కాపలా కూడా. అలాంటి ఇంట్లో నిన్నటిదాకా కలిసి తిన్న జంట ఇవాళ బుసలు కొట్టుకుంటుంటే ఇంటివాళ్లకి భయం వేస్తుంది. భయం వేసినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నదే ఇక్కడ అసలు సంగతి.

ముందు జరిగింది ఏమిటో చూద్దాం. గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లికి కళ్లంలో తిరుగుతున్న పరాయి గండుపిల్లి కనబడింది. లేదంటే కాఫీ తోటలోంచి దిగిన అడవిపిల్లి వాసన తగిలింది. తడిక అడ్డం, దాన్ని అందుకోలేదు. ఒళ్లంతా బిగుసుకుంది, తోక ఉబ్బింది, చెవులు వెనక్కి వాలాయి, కంటిపాపలు పెద్దవయ్యాయి. సరిగ్గా అప్పుడే తోటి పిల్లి రోజూలాగే వచ్చి ఒళ్లు రాసింది. అంతే, దాని మీద పడింది. తోటి పిల్లికి బదులు మీ కాలు తగిలి ఉంటే మీ కాలే కరిచేది. పశువైద్యులు దీన్ని దారి మళ్లిన దాడి అంటారు. ఆ ఉద్రేకం గంటల తరబడి ఉండొచ్చు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా. మీరు పొలం నుంచి వచ్చేసరికి బయటి పిల్లి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మీకు కనబడేది కథలో రెండో సగం. అందుకే "కారణం లేకుండా కొట్టుకున్నాయి" అంటాం.

వేరే కారణాలూ ఉంటాయి. ఒకదాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చారనుకోండి, మందుల వాసనతో వచ్చిన దాన్ని రెండోది గుర్తుపట్టకపోవచ్చు. పిల్లి కంటికన్నా ముక్కునే ఎక్కువ నమ్ముకుంటుంది. పంటి నొప్పో, లోపల మానని పుండో ఉన్నా ముట్టుకుంటే తిరగబడుతుంది. కారణం లేకుండా ఏదీ పుట్టదనే కదా బుద్ధుడు ప్రతీత్య సముత్పాదంలో చెప్పింది. స్పర్శ ఉంటే వేదన ఉంటుంది, వేదన ఉంటే దాని వెనకాల తృష్ణ ఉంటుంది. మనకు కనబడని కారణానికి కారణం లేదని పేరు పెట్టడం మన తొందర.

ఆ తొందర అక్కడితో ఆగితే బాగుండును. ఏజెన్సీలో ఇంకో మాట ఉంది: చిల్లంగి. పిల్లి పిచ్చెత్తినట్టు ఎగబడింది, మర్నాడు పిల్లాడికి జ్వరం వచ్చింది, ఎవరో ఏదో చేశారు. ఎవరు? ఒంటరిగా ఉండే ముసలావిడ. నాటువైద్యం తెలిసిన ముసలాయన. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన సంఘటనలు మన కొండల్లో జరిగాయి. ఇప్పుడు ఆ పిల్లిని మళ్లీ తలుచుకోండి. భయం ఒక చోట పుట్టింది, అందుకోవడానికి అక్కడ ఏమీ లేదు, పక్కన ఎవరున్నారో వాళ్ల మీద పడింది. పిల్లికి చిల్లంగి పట్టిందనుకున్న మనిషి, ఆ పిల్లి చేసిన పనే తానూ చేస్తున్నాడు.

ఇక్కడ కొందరు అడుగుతారు: "పిల్లిది తప్పు కాదంటున్నారు కదా. మరి కోపంలో చెయ్యి చేసుకున్న మనిషిది మాత్రం తప్పెలా అవుతుంది? వాడికీ బయట అవమానం జరిగింది కదా?"

న్యాయమైన ప్రశ్నే. సంతలో కాఫీ గింజలకి షావుకారు తూకంలో మోసం చేశాడు. ఆఫీసులో కాగితం కోసం వెళితే బంట్రోతు కసిరాడు. ఆ మనిషి అక్కడ నోరెత్తలేదు. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు ఎక్కువైందని పెళ్లాం మీద చెయ్యెత్తాడు. చూడ్డానికి పిల్లి కథలాగే ఉంది. కానీ ఒక తేడా ఉంది. పిల్లి ఎవరు అందితే వాళ్లని కరుస్తుంది, తనకన్నా పదింతలున్న మనిషినైనా సరే. దానికి ఎంపిక లేదు. మన మనిషి దారిలో సర్పంచి ఎదురైతే దండం పెట్టాడు. కిళ్లీకొట్టు దగ్గర తనకన్నా బలంగా ఉన్నవాడితో నవ్వుతూ మాట్లాడాడు. తిరిగి కొట్టలేని మనిషి ఎదురయ్యేదాకా కోపాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చాడు. అంత జాగ్రత్త ఉన్నచోట "ఒళ్లు తెలియలేదు" అనడానికి వీల్లేదు. చేతననే కర్మ అంటానని బుద్ధుడు చెప్పింది ఇందుకే. ఆ ఎంపికలో చేతన ఉంది.

దెబ్బ తిన్న ఆమెను "అతని కష్టం అర్థం చేసుకో, ఓర్చుకో" అనకండి. క్షాంతి పేరు చెప్పి అలా అనే పెద్దలు మనలోనూ ఉన్నారు. పిల్లులు కొట్టుకుంటే ముందు చేసే పని రెండింటినీ వేరు చేయడం, అర్థం చేసుకోవడం ఆ తర్వాత. ఆమెకూ ముందు కావలసింది భద్రత. 2005 గృహహింస చట్టం ఉన్నది అందుకే, 181 నంబరు ఉన్నది అందుకే.

ఈ లెక్క ఇంటి గుమ్మం దాటి కూడా పనిచేస్తుంది. కులాన్ని బాబాసాహెబ్ శ్రేణీగత అసమానత అన్నారు. మెట్లు మెట్లుగా కట్టిన ఆ ఇంట్లో పైమెట్టు నుంచి తన్ను తిన్నవాడికి కింద ఇంకొకడు దొరుకుతాడు. కోపం పైకి ఎక్కదు, కిందికి జారుతుంది. అణగారిన కులాలు ఒకదాని మీద ఒకటి పళ్లు నూరుకుంటుంటే, తడిక బయట తిరిగే గండుపిల్లి సంగతి ఎవరికీ గుర్తుండదు.

అలాగని కోపమే వద్దా? 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. గుడిలోకి కూడా వస్తున్నారని పుకారు పుట్టించి, సభకు వచ్చినవారి మీద దాడి చేశారు. తిరిగి కొట్టడానికి మనవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆయన ఆపారు. ఆ కోపం చల్లారిపోలేదు. అదే ఏడాది డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టింది. కాలింది పుస్తకం, పొరుగువాడి ఇల్లు కాదు. కోర్టులో ఏళ్లపాటు నిలబడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచింది. పదేళ్లు ఆగగలిగిన కోపం అది, తన చిరునామా మరిచిపోలేదు.

శాక్యులు, కోలియులు రోహిణి నీళ్ల కోసం తగాదా పడినప్పుడు సిద్ధార్థుడు అడిగిందీ ఇలాంటిదే. బాబాసాహెబ్ రాసిన కథనంలో శాక్యసంఘం యుద్ధానికి సిద్ధమైతే, ముందు విచారణ జరగాలని ఆయన పట్టుబట్టాడు. మన తరఫున ఇద్దరు, వాళ్ల తరఫున ఇద్దరు, ఆ నలుగురూ ఎన్నుకున్న ఐదోవాడు కూర్చుని ఎవరు మొదలుపెట్టారో తేల్చాలన్నాడు. సంఘం వినలేదు, ఆయన ఇల్లు విడిచాడు. నిజం కనుక్కునేదాకా చెయ్యెత్తొద్దనడం ఇల్లు వదులుకునేంత పెద్ద మాట అయింది.

ఇక పిల్లుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అవింకా బుసకొడుతూనే ఉంటాయి. గోనెసంచిలో కట్టి ఘాట్‌రోడ్డు మీద వదిలేయకండి. సకల ప్రాణుల పట్ల దయ మనం తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో ఉంది. మధ్యలో చెయ్యి పెట్టకండి, దుప్పటో తట్టో అడ్డం వేసి విడదీయండి. కరిచినా రక్కినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లండి. పిల్లి కాటుతో కూడా రేబిస్ వస్తుంది, పసరు మందు దాన్ని ఆపలేదు. గాయం, నొప్పి ఉన్నాయేమో పశువైద్యుడికి చూపించండి. కొట్టకండి, కొడితే భయం ఇంకా పెరుగుతుంది. చెరొక గదిలో ఉంచి, బయటిది కనబడే సందు మూసేయండి. దాని గుడ్డ దీని దగ్గర, దీని గుడ్డ దాని దగ్గర వేస్తే వాసన మళ్లీ అలవాటవుతుంది.

ఎక్కువ రోజులు పట్టేది దెబ్బ తిన్నదానికే. కొట్టింది మామూలుగా దగ్గరికొచ్చినా అది వణుకుతుంది, దాని బుస చూసి మొదటిది మళ్లీ రేగుతుంది. కాబట్టి మూసిన తలుపుకి ఇటొకటి, అటొకటి అన్నం గిన్నెలు దూరంగా పెట్టండి. రోజూ ఒక జానెడు దగ్గరికి జరపండి. బుస వినబడిందా, గిన్నెని నిన్నటి చోటికే వెనక్కి జరిపి, రేపు మళ్లీ మొదలుపెట్టండి.