ఒక్క సంతకం లేదని...



పాశ్చాత్య దేశాలలో అంతా పద్ధతి ప్రకారం జరుగుతుందని మనం మెచ్చుకుంటాం. ఆ పద్ధతిలో ఇంగితజ్ఞానం లోపిస్తే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక ఉదంతం తెలుపుతున్నది.

అక్కడ పనికి వెళ్ళే తల్లిదండ్రులు పసిబిడ్డలను శిశు సంరక్షణ కేంద్రంలో ఉంచితే, ఆ ఖర్చుకు ప్రభుత్వం సాయం చేస్తుంది. మంచి పథకమే. కాని మోసాలను అరికట్టాలన్న పట్టుదలతో పన్నుల శాఖ కఠినంగా మారింది. కాగితాలలో ఒక సంతకం లేకపోయినా, తల్లిదండ్రులు కట్టవలసిన వాటాలో కొంత తగ్గినా, ఏడాది సాయమంతా తిరిగి కట్టమన్నది. వేలాది కుటుంబాలు అప్పులలో కూరుకుపోయాయి. కాపురాలు విరిగాయి. న్యాయస్థానాలు సైతం ఏళ్ళ తరబడి ఆ శాఖనే సమర్థించాయి. 2017లో ఆ శాఖ న్యాయ సలహాదారు ఒకామె, ఇది తప్పు, పరిహారం ఇవ్వాలని వ్రాసి ఇచ్చినా ఆ మాట పక్కన పెట్టారు. చివరకు 2021 జనవరి 15న మార్క్ రుట్టె ప్రభుత్వం ఇందుకు రాజీనామా చేసింది.

ప్రియులారా, నియమాలు అక్కరలేదని కాదు. ప్రజల సొమ్ముకు కాపలా ఉండాలి. కాని మత్తయి సువార్తలో, ఆకలిగొన్న శిష్యులు విశ్రాంతి దినాన వెన్నులు త్రుంచినప్పుడు పరిసయ్యులు నియమాన్నే చూశారు. ప్రభువు వారి ఆకలిని చూశారు.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఒక ఉదాహరణ చెప్పారు. దాచమని ఇచ్చిన వస్తువును అడిగినప్పుడు తిరిగి ఇవ్వడం న్యాయం. కాని మతి చలించినవాడు వచ్చి తాను దాచిన కత్తి అడిగితే, ఇవ్వకపోవడమే న్యాయం. చట్టం మాటను దాటి చట్టం ఉద్దేశాన్ని చూడడం ఆయన దృష్టిలో చట్టాన్ని ధిక్కరించడం కాదు, ఒక సుగుణం.

మనలోనూ కొందరి చేతిలో బడి రిజిస్టరో, సంఘం లెక్కల పుస్తకమో, విచారణ కార్యాలయపు ముద్రో ఉంటుంది. కాగితం సరిగా లేదని ఒకరిని తిప్పి పంపే ముందు, కూర్చోబెట్టి “ఏం జరిగిందమ్మా?” అని అడుగుదాం. ఆ ఒక్క ప్రశ్న అడిగేవారు లేకనే అక్కడ అన్ని కుటుంబాలు చితికిపోయాయి. ఎదుటి మనిషి ముఖం చూసి తీర్పు చెప్పే మనసును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.